ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం చెప్తున్నారు, ఏం దాస్తున్నారు?

కృష్ణలంక కుర్రాడు (ప్రస్తుతం కెమ్నిట్స్, జర్మనీ)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక. ఈ అక్టోబర్‌లో జర్మనీ వచ్చాను. కెమ్నిట్స్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ మాస్టర్స్ చేస్తున్నాను. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలను పరిశీలించి ఇచ్చే పత్రం), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా), వీసా ఇంటర్వ్యూ గురించి ఈ గ్రూపులో సీనియర్లు రాసినవన్నీ చదువుకునే బయల్దేరాను. ఎక్కడా ఇబ్బంది పడలేదు, అందరికీ థాంక్స్. ఇప్పుడు అడగబోయేది మాత్రం పేపర్ల గురించి కాదు.

మొదటి నెల ఎలా గడిచిందో తెలియలేదు. సిటీ రిజిస్ట్రేషన్, బ్యాంకు, ఇన్సూరెన్స్, సిమ్... రోజుకో పని ఉండేది. ట్రామ్ ఎక్కడం కూడా సరదాగానే అనిపించేది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అప్పటి నుంచి మనకూ ఇక్కడికీ తేడా నాలుగున్నర గంటలు. ఇప్పుడు నవంబర్ చివరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోతోంది. క్లాసు అయ్యి బయటికొస్తే రాత్రి. రూముకు వెళ్తే పలకరించేవాళ్ళు లేరు. పక్క గది అబ్బాయి మంచివాడే, ఎదురైతే హలో అంటాడు, తలుపు వేసుకుంటాడు. ఆదివారం అయితే షాపులన్నీ మూసేస్తారు, రోడ్డు మీద మనుషులే కనపడరు. బీసెంట్ రోడ్డులో ఆదివారం సాయంత్రం నడిచిన వాళ్ళకు ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంటికి రోజూ ఫోన్ చేస్తాను. అమ్మ "తిన్నావా" అంటుంది, తిన్నానంటాను. "ఏం కూర" అంటుంది, నోటికొచ్చిన కూర పేరు చెప్తాను. నిజానికి సగం రోజులు బ్రెడ్డూ గుడ్డూనే. నాన్న ఫోన్ తీసుకుని "డబ్బులున్నాయా" అంటారు, ఉన్నాయంటాను. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పెట్టేశాక గంటసేపు పుస్తకం ముందు కూర్చున్నా ఏమీ ఎక్కదు. చదువు బాగానే సాగుతోంది, ఆరోగ్యం బాగానే ఉంది, ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ సాయంత్రం అయ్యేసరికి గుండెల్లో ఏదో బరువు.

మీరంతా ఇంటికి నిజం చెప్తారా? చెప్తే వాళ్ళు ఎలా తీసుకున్నారు? నాన్న నా కోసం లోన్ తీసుకున్నారు. ఇంత ఖర్చు పెట్టి పంపితే ఇక్కడ కూర్చుని దిగులుగా ఉందని ఏ నోటితో చెప్పాలి?

---

గుణదల అక్క (లైప్‌జిగ్, జర్మనీ)

తమ్ముడూ, నేనూ చదువుకే వచ్చాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. నీకు దగ్గర ఊరే. ముందు ఒక మాట. అక్టోబర్‌లో వచ్చిన ప్రతి ఒక్కరికీ నవంబర్, డిసెంబర్ నెలలు ఇలాగే ఉంటాయి. కొత్త ఊరి హడావిడి తగ్గడం, వెలుతురు తగ్గడం, రెండూ ఒకేసారి జరుగుతాయి. డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఎనిమిది గంటలే. మన బెజవాడలో ఎంత చలికాలమైనా పదకొండు గంటల ఎండ చూసి పెరిగాం. ఒంటికి ఆ తేడా తెలుస్తుంది. నీ మనసు గట్టిది కాదేమో అని అనుమానం పెట్టుకోకు.

కాబట్టి మధ్యాహ్నం వెలుతురు ఉన్నప్పుడు ఎలాగైనా బయటికి రా. పన్నెండు, ఒంటిగంట మధ్య అరగంట నడువు, మబ్బు పట్టినా సరే. క్లాసుల మధ్య ఖాళీని ల్యాబ్‌లో గడపకు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు విటమిన్ డి గురించి అడుగు.

ఆదివారం సంగతి. షాపులు ఉండవు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి, అది ఎలాగూ తెలిసి ఉంటుంది. నేను ఆదివారాన్ని వంట రోజు చేసుకున్నాను. పప్పు, ఒక వేపుడు, పులిహోర పులుసు. మూడు నాలుగు డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడితే బుధవారం దాకా బెంగ లేదు. పెరుగు తోడుకోవట్లేదని అందరూ బాధపడతారు. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి, గిన్నెను టవల్‌తో చుట్టి హీటర్ మీద పెట్టు. హీటర్ ఒకటో నంబర్ మీద ఉంటే చాలు, ఎక్కువ పెడితే విరుగుతుంది. తాలింపు వేసేటప్పుడు మూత పెట్టి, కిటికీ తెరిచి వెయ్యి. కామన్ కిచెన్‌లో ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగితే హాస్టల్ మొత్తం కిందికి దిగాలి.

ఇంక ఫోన్. పడుకోబోయే ముందు చెయ్యకు, ఆ రాత్రంతా అదే తలలో తిరుగుతుంది. నేను వంట చేస్తూ వీడియో పెట్టేదాన్ని. ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి నా పని నేను చేసుకునేదాన్ని, అమ్మ అక్కడ చిక్కుళ్ళు ఒలుచుకునేది. "ఉల్లిపాయలు ఇంకా వేగలేదు, తొందరపడకు" అనేది. పది నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడుకోని రోజులు కూడా ఉన్నాయి. అవే మంచి ఫోన్లు. ఎదురెదురుగా కూర్చుని "ఇంకేంటి, ఇంకేంటి" అనుకునే ఫోన్‌లో మాటలు అయిపోతాయి, తరువాత ఏడుపు వస్తుంది.

---

బ్రాడీపేట 4వ లైను (మిస్సోరీ, అమెరికా)

మాకు ఇక్కడ చలికాలం తేడా పదకొండున్నర గంటలు. గుంటూరులో రాత్రి ఎనిమిదైతే నాకు ఉదయం ఎనిమిదిన్నర. నేను క్లాసుకు పరిగెడుతుంటాను, వాళ్ళు టీవీ ముందు తీరిగ్గా ఉంటారు. నాకు తీరిక దొరికేసరికి వాళ్ళకు తెల్లవారుజాము.

నేను అన్నీ చెప్తాను. మొదట్లో చెప్పేవాడిని కాదు. క్యాంపస్‌లో పని దొరకడం కష్టమైన సెమిస్టర్‌లో అమ్మతో మామూలుగానే మాట్లాడుతున్నా అనుకున్నాను. ఒకరోజు మా చెల్లి మెసేజ్ పెట్టింది: "అన్నయ్యా, నువ్వు ఫోన్ పెట్టేశాక అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రావట్లేదు. ఏమైంది నీకు?" అప్పుడు అర్థమైంది, నేను దాచానన్న విషయం ఒక్కటే నేను దాచలేకపోయానని. తరువాత విషయం చెప్పేశాను. పని దొరకలేదు, చూస్తున్నాను, చేతిలో ఇంత ఉంది, రెండు నెలలు ఇబ్బంది లేదు అని లెక్కతో సహా. అంకెలు చెప్పాక అమ్మ కుదుటపడింది.

కాబట్టి నా సలహా, "దిగులుగా ఉంది" అని ఒక్క ముక్క చెప్పి వదిలేయకు. ఏం జరిగింది, ఏం చేస్తున్నావు, రెండూ కలిపి చెప్పు.

---

బెంజ్ సర్కిల్ వాసి (టొరంటో, కెనడా)

నేను ఒప్పుకోను. అందరి ఇళ్ళూ ఒకేలా ఉండవు. మా అమ్మకు బీపీ. నాకు జ్వరం వచ్చిందని చెప్పిన రోజు రాత్రంతా కూర్చునే ఉందట. ఇక్కడ నాకు తెల్లారేసరికి జ్వరం తగ్గిపోయింది, అక్కడ ఆమెకు రెండు రోజులు తల తిరిగింది. అంత దూరాన ఉన్నవాళ్ళు ఏం చేయగలరు? చేయగలిగింది ఏమీ లేనప్పుడు చెప్పడం అంటే మన బరువు తీసి వాళ్ళ మీద పెట్టడమే.

చెప్పుకోవడానికి స్నేహితులు ఉన్నారు, రూమ్మేట్స్ ఉన్నారు. ఇంటికి మాత్రం మంచి వార్తలే వెళ్ళాలి. మనల్ని పంపడానికి వాళ్ళు పడిన టెన్షన్ చాలు.

---

కొరిటెపాడు అమ్మ (గుంటూరు)

నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుతున్నాడు. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

కృష్ణలంక బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను నాన్నా. మీరు తిన్నామంటే తిన్నారని మేం నమ్ముతామని అనుకుంటున్నారు. "తిన్నానమ్మా" అనే మాటలోనే తెలుస్తుంది. కడుపునిండా తిన్నవాడు ఏం తిన్నాడో అడగకుండానే చెప్తాడు. తిననివాడు అడిగితేనే చెప్తాడు, అదీ ఒక్క కూర పేరు చెప్పి ఊరుకుంటాడు. ఫోన్ ఎత్తగానే మీరు "ఆ, చెప్పమ్మా" అనే తీరులోనే సగం తెలిసిపోతుంది.

టొరంటో బాబు చెప్పింది కాదనను. జ్వరం అంటే ఏ తల్లీ నిద్రపోదు. కానీ ఏమీ తెలియకపోతే నిద్రపోతామా? తెలియని రోజున మా బుర్ర ఊరుకోదు. పేపర్లో చదివినవీ, ఎవరో చెప్పినవీ అన్నీ మా పిల్లవాడికే జరిగినట్టు ఊహించుకుంటాం. జ్వరం అని తెలిస్తే జ్వరం వరకే భయం.

మాకు పెద్ద విషయాలు అక్కర్లేదు. చిన్నవి చెప్పండి. మా వాడు మొదట్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. ఒకరోజు వాడి గది కిటికీలోంచి కనపడే చెట్టు చూపించాడు. దాని మీద రంగురంగుల చిలకలు వాలతాయట, మన పావురాల్లాగా అక్కడ అవి మామూలేనట. అప్పటి నుంచి రోజూ చిలకలు వచ్చాయా అని అడుగుతాను. దాంతో మొదలై వాడు పనిచేసే బేకరీలో ఓనరు, పక్కనే పనిచేసే ముసలావిడ, బస్సు ఆలస్యం, అన్నీ చెప్తాడు. ఇప్పుడు నాకు ఆ వీధి తెలుసు. వాడు ఏ మలుపులో ఉన్నాడో ఊహించుకోగలను. ఇక్కడ మధ్యాహ్నం మూడైతే వాడికి రాత్రి ఎనిమిదిన్నర. మూడింటికి మా ఇంట్లో ఎవరూ నన్ను ఏ పనీ అడగరు.

ఇక్కడి సంగతులు మీకు ఎవరూ చెప్పరేమో, నేను చెప్తాను. వాళ్ళ నాన్న వాడి బండి రెండు రోజులకోసారి బయటికి తీసి, స్టార్ట్ చేసి, అమరావతి రోడ్డు దాకా ఒక రౌండు వేసి వస్తారు. బ్యాటరీ పోతుందని అంటారు. తుడిచి కవర్ కప్పుతారు. నేనేమీ అడగను. మీకే కాదు నాన్నా, మాకూ సాయంత్రం అయ్యేసరికి అలాగే ఉంటుంది.

---

కృష్ణలంక కుర్రాడు

అమ్మా, మీ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్న కూడా నా బండి అలాగే చూస్తుంటారని తమ్ముడు చెప్పాడు.

గుణదల అక్కా, హీటర్ మీద పెరుగు పెట్టాను. తోడుకుంది. రేపు అన్నంలోకి అదే.

---

మిర్చి రైతు కూతురు (డబ్లిన్, ఐర్లాండ్)

మాది పెదనందిపాడు దగ్గర ఊరు. నాన్న మిర్చి వేస్తారు. ఇక్కడ అందరూ పిల్లలు ఇంటికి ఏం చెప్పాలా అని మాట్లాడుతున్నారు. ఇంటివాళ్ళు మనకు చెప్పనివి కూడా ఉన్నాయి కదా.

నేను వచ్చిన మొదటి చలికాలంలోనే, 2025లో, మిర్చి రేటు పడిపోయింది. అంతకుముందు క్వింటాలు ఇరవై వేల పైన చూసినవాళ్ళం. కేంద్రం క్వింటాలుకు రూ.11,781 ధర అని ప్రకటించిన రోజులు అవి. నాన్న ఫోన్‌లో ఒక్క మాట అనలేదు. "పంట బాగుందమ్మా, నువ్వు చదువుకో" అనేవారు. పంట బాగానే ఉంది, అమ్మితే కోత కూలీ కూడా వెళ్ళని పరిస్థితి. నాకు ఆ సంగతి నాన్న చెప్పి తెలియలేదు. ఉదయం లేవగానే ఫోన్‌లో గుంటూరు మిర్చి యార్డు రేట్లు చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. మిర్చి రకాల్లో తేజ ఎంత, 341 ఎంత, బాడిగ ఎంత, తాలు ఎంత. డబ్లిన్‌లో బస్సులో కూర్చుని ఆ అంకెలు చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి. టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టారని మా బాబాయి కొడుకు ద్వారా తెలిసింది. రేటు వస్తుందని ఆగారు. పెట్టిన సరుకుకు అద్దె, తెచ్చిన అప్పుకు వడ్డీ. అందులో నా సెమిస్టర్ ఫీజు కూడా ఉంది.

నేను నాన్నకు ఫోన్ చేసి నేరుగా అడిగాను, "తేజ ఎంతకు అడిగారు నాన్నా?" అని. కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పడం మొదలుపెట్టారు. కమీషన్ కొట్టు దగ్గర ఏం జరిగింది, ఎవరు ఎంతకు అమ్మేసుకున్నారు, ఎన్ని టిక్కీలు లోపల ఉన్నాయి, అంతా. నా చదువు మొదలయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. తరువాత నేనూ చెప్పాను. ఇక్కడ విద్యార్థులకు సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు, నేను ఒక కేఫ్‌లో గిన్నెలు కడుగుతున్నాను, చేతులు పగిలాయి అని. ఊళ్ళో పొలం పనులు చేసిన చేతులే నాయి, కానీ ఆ వేడి నీళ్ళు, సబ్బు వేరు. నాన్న వెంటనే "కొబ్బరినూనె రాసుకుని పడుకో" అన్నారు. అంతే. బాధపడలేదు, వచ్చెయ్యమనలేదు.

కృష్ణలంక అన్నా, మీ నాన్నగారి లోన్ గురించి రాశారు కదా. ఆ లోన్ గురించే ఒకసారి అడిగి చూడండి. ఈఎంఐ ఎంత, ఎప్పటి నుంచి, చేతిలో ఏం ఉంది. దిగులు సంగతి తరువాత చెప్పొచ్చు.

---

సింగ్‌నగర్ (డల్లాస్, అమెరికా)

ఈ చర్చలో నేను ఒక్కటే రాయగలను. 2024 సెప్టెంబర్ 1, విజయవాడ వరదల రోజు.

మా ఇల్లు అజిత్‌సింగ్‌నగర్‌లో. ఆగస్టు ఆఖరి శనివారం మన దగ్గర కుండపోత వర్షం. నాకు ఇక్కడ సెలవులు, వారాంతం. ఫోన్ చేస్తే అమ్మ "వాన కాస్త గట్టిగా ఉంది, నువ్వు పడుకో" అంది. నాన్న వెనకనుంచి ఏదో అంటున్నారు, అమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది. నేను పడుకున్నాను. లేచేసరికి ఇద్దరి ఫోన్లూ స్విచ్ఛాఫ్.

బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయని వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ పారుతోంది. నేను ఆ వీడియోలు ఆపి ఆపి చూస్తున్నాను, మా వీధి మలుపు, మా మెడికల్ షాపు బోర్డు ఎక్కడైనా కనపడుతుందేమో అని. పడవల మీద మనుషుల్ని తెస్తున్నారు, డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడుస్తున్నారు. చుట్టాలెవరూ లోపలికి వెళ్ళలేకపోతున్నారు. నేను చేయగలిగింది ఒక్కటే, తెలిసిన ప్రతి నంబరుకూ ఫోన్ కొట్టడం.

తరువాత తెలిసింది. నేను ఫోన్ చేసిన సమయానికే వీధిలోకి నీళ్ళు వచ్చేశాయి. కింద ఫ్రిజ్, బియ్యం డ్రమ్ము, నాన్న మందుల డబ్బా తీసుకుని మేడ మీది వాళ్ళ ఇంట్లోకి ఎక్కుతున్నారు. కరెంటు పోతుందని తెలిసి కూడా, నేను కంగారు పడతానని ఛార్జింగ్ మిగిలిన ఫోన్‌లో "పడుకో" అని చెప్పారు. చివరికి వాళ్ళ గొంతు వినపడింది పక్కింటి అబ్బాయి ఫోన్‌లో. "నీళ్ళు తగ్గుతున్నాయి, మేం బాగానే ఉన్నాం" అనే అన్నారు అప్పుడు కూడా.

బెంజ్ సర్కిల్ అన్నా, మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. మా అమ్మదీ అదే ప్రేమ. కానీ ఆ రెండు రోజులు నేను పడింది మా అమ్మ నా గురించి ఎప్పుడూ పడకూడదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒక మాట ఉంది. ఆసుపత్రి, నీళ్ళు, డబ్బు, ఈ మూడూ దాచకూడదు. మిగతావి ఎవరి ఇష్టం వాళ్ళది. దాంతోపాటు మేడమీది వాళ్ళ నంబరు, ఎదురింటి వాళ్ళ నంబరు, ఒక బంధువు నంబరు నా దగ్గర ఉంటాయి. నా రూమ్మేట్స్ ఇద్దరి నంబర్లు అమ్మ దగ్గర ఉంటాయి. ఇది చదివే ప్రతి ఒక్కరూ ఈ రోజే ఈ పని చెయ్యండి, దయచేసి.

---

వన్‌టౌన్ మూర్తి

మాది చిట్టినగర్ వైపు. ఆ వారం మర్చిపోలేం బాబూ. నంబర్ల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. మా అమ్మాయికి ఇప్పుడే పంపిస్తున్నాను.

---

బెంజ్ సర్కిల్ వాసి

సింగ్‌నగర్ తమ్ముడూ, పెద్ద విషయాలు దాచకూడదన్నది ఒప్పుకుంటున్నాను. కానీ రోజువారీ బెంగ విషయంలో నా మాట అదే. ప్రతి సాయంత్రం వచ్చే దిగులు ప్రతి సాయంత్రం ఇంటికి చేర్చాల్సిన పని లేదు. నేను మా అమ్మకు వారం చివర చెప్తాను, గడిచిపోయాక. "మంగళవారం కాస్త బాలేదమ్మా, బుధవారానికి సర్దుకుంది" అని. అలా చెప్తే ఆమెకు బీపీ పెరగదు, నేను దాచినట్టూ ఉండదు.

---

కొరిటెపాడు అమ్మ

అది మంచి పద్ధతే బాబూ. మాకూ అదే చాలు.

---

లక్ష్మీపురం డాక్టరమ్మ (గుంటూరు)

నేను ఇంగ్లండ్‌లో చదివి తిరిగొచ్చాను. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని ఒక విషయం రాస్తాను.

బెంగ సాధారణంగా వస్తూ పోతూ ఉంటుంది. స్నేహితుడు వస్తే తగ్గుతుంది, మంచి భోజనం చేస్తే తగ్గుతుంది, ఇంటి ఫోన్ తరువాత పెరుగుతుంది. దాంతో సహవాసం చెయ్యొచ్చు. అలా కాకుండా రెండు వారాలకు పైగా ప్రతిరోజూ అలాగే ఉంటే, నిద్ర పట్టకపోతే లేదా రోజంతా నిద్రే వస్తుంటే, ఆకలి లేకపోతే, క్లాసులకు వెళ్ళడం మానేస్తే, ఇంతకుముందు ఇష్టపడినవి కూడా పట్టకపోతే, అది ఒంటరిగా మొయ్యాల్సింది కాదు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి.

జర్మనీలో స్టూడెంట్ సర్వీసుల సంస్థలు, అంటే క్యాంటీన్, హాస్టల్ నడిపేవాళ్ళే, విద్యార్థులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు. చాలా చోట్ల ఇంగ్లిష్‌లో కూడా. అమెరికాలో యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, అర్ధరాత్రి అయితే 988 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యొచ్చు. ఇంగ్లండ్, ఐర్లాండ్‌లలో 116 123. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు తల్లిదండ్రులకు కూడా. పిల్లల్ని పంపిన తరువాత నిద్రపట్టక నా దగ్గరికి వచ్చే అమ్మలు తక్కువేమీ కాదు. కౌన్సెలర్‌తో మాట్లాడితే వీసాకు ఇబ్బంది అవుతుందేమో, మార్కుల షీటు మీద రాస్తారేమో అని కొందరు భయపడతారు. మీరు చెప్పింది వాళ్ళు మీ ప్రొఫెసర్లకు చేరవెయ్యరు.

కృష్ణలంక తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి చదువు సాగుతోంది, క్లాసులకు వెళ్తున్నావు, పెరుగు తోడేసుకుంటున్నావు. నాకు ధైర్యంగానే ఉంది. బ్రెడ్డు మాత్రం తగ్గించు.

---

పటమట నాన్న (విజయవాడ)

అందరూ అమ్మల గురించి రాశారు. నాన్న ఫోన్ తీసుకుని "డబ్బులున్నాయా" అంటారని ఆ అబ్బాయి రాశాడు. నేనూ అంతే అంటాను. మా అమ్మాయి అమెరికాలో ఉంది. నాకు అడగాలని చాలా ఉంటుంది. ఫోన్ చేతికి రాగానే గొంతు పట్టేస్తుంది. డబ్బుల గురించి అడిగితే గొంతు మామూలుగా ఉంటుంది, అందుకని అదే అడుగుతాను.

మా అమ్మాయి తెలివైనది. నాకు పని అప్పజెప్తుంది. "నాన్నా, ఈ కరెంటు బిల్లు చూడు, ఎందుకు ఇంత వచ్చింది", "సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నా, ఇంజన్ శబ్దం విను". నేను కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాను. అరగంట గడిచిపోతుంది. మధ్యలో తను ఎలా ఉందో అదే చెప్తుంది. బాబూ, మీ నాన్నగారిని ఏదైనా సలహా అడుగు. నీకు తెలిసినదైనా సరే అడుగు.

---

కృష్ణలంక కుర్రాడు

అందరూ రాసినవి మళ్ళీ మళ్ళీ చదివాను. ఏం చేశానో చెప్తాను.

ఆదివారం మధ్యాహ్నం వంట చేస్తూ వీడియో పెట్టాను. టమాటా పప్పు. అమ్మ మొదటి మాటే "ఇన్నాళ్ళూ బ్రెడ్డు తిన్నావు కదూ" అంది. నేను చెప్పకముందే. కుక్కర్ లేకుండా కందిపప్పు ఎలా ఉడికించాలో చెప్పింది: రాత్రే నానబెట్టుకో, ఉడికేటప్పుడు చెంచా నూనె వెయ్యి, ఉప్పు, టమాటా చివర్లో వెయ్యి, టమాటా ముందే వేస్తే పప్పు బిరుసెక్కుతుంది. పప్పు ఉడికేదాకా ఫోన్ అలాగే ఉంది. సాయంత్రాలు కష్టంగా ఉంటోందని చెప్పాను. "మాకు తెలుసురా" అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

నాన్నను లోన్ గురించి అడిగాను. మొదట "నీకెందుకు" అన్నారు. తరువాత పుస్తకం తెచ్చి లెక్క చదివి వినిపించారు. నేను భయపడినంత లేదు. కొంత ఉంది. వచ్చే సెమిస్టర్‌లో స్టూడెంట్ ఉద్యోగం దొరికితే నా ఖర్చు వరకు నేను చూసుకోగలనని చెప్పాను. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చెయ్యనిస్తారని చెప్తే దాని మీద చాలాసేపు అడిగారు. పరీక్షలు ఫిబ్రవరిలో కాబట్టి అప్పటిదాకా పని వద్దన్నారు. దాని గురించి ఇద్దరికీ ఇంకా తేలలేదు.

సాయంత్రాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నడక మొదలుపెట్టాను. ఒక సందేహం: ఇక్కడ గోంగూర ఎక్కడా దొరకట్లేదు. దానికి బదులు ఏదైనా ఉందా?

---

బ్రాడీపేట 4వ లైను

మేం అమెరికాలో నవంబర్‌లో క్రాన్‌బెర్రీలు కొని పప్పు, పచ్చడి చేస్తాం. పులుపు సరిగ్గా సరిపోతుంది. జర్మనీలో దొరికితే చూడు.

---

గుణదల అక్క

ఇక్కడ వసంతంలో రూబార్బ్ అని ఎర్రటి కాడలు వస్తాయి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కాడలు సన్నగా తరిగి పప్పులో వేస్తే చుక్కకూర పప్పు రుచి వస్తుంది. ఆకులు మాత్రం పారెయ్యాలి, విషం. అప్పటిదాకా గోంగూర పచ్చడితో సరిపెట్టుకోవాలి.

ఆ విషయమే రాద్దామనుకుంటున్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను. నీకు ఆ సమయంలో క్లాసులు ఉంటాయి, వెళ్ళలేవు. తిరిగొచ్చేటప్పుడు మీ అమ్మగారు ఇచ్చినవి తెస్తాను. కెమ్నిట్స్ నుంచి లైప్‌జిగ్‌కు రైలు ఉంది, గంట ప్రయాణం. నీ సెమిస్టర్ టికెట్ (విద్యార్థుల ప్రయాణ పాస్) మా ఊరి దాకా చెల్లుతుందో లేదో చూసుకుని ఒక శనివారం వచ్చి తీసుకెళ్ళు. మా ఇంట్లో భోజనం చేసి వెళ్దువుగాని.

అమ్మగారికి మాత్రం ముందే చెప్పు. నెయ్యి, పాలకోవా, నెయ్యితో చేసిన స్వీట్లు వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఇక్కడికి తీసుకురానివ్వరు. కోడి పచ్చడి, రొయ్యల పచ్చడి నేను పెట్టుకోను. పచ్చి కరివేపాకు కూడా వద్దు. గోంగూర పచ్చడి, కందిపొడి, కారం, చింతపండు, అప్పడాలు ఫరవాలేదు. పచ్చడి నూనె కారకుండా కొట్లో సీల్ వేయించమను, రెండు కవర్లలో పెట్టమను.

---

మిర్చి రైతు కూతురు

కారం మా ఊరిది పంపించమంటారా? నాన్న ఈసారి ఇంటి వాడకానికి తేజ విడిగా ఆరబెట్టారు. అక్కా, మీరు గుంటూరు మీదుగా వెళ్తే మా తమ్ముడు తెచ్చి ఇస్తాడు.

---

గుణదల అక్క

తప్పకుండా అమ్మా. రెండూ కలిపి మూడు కేజీలు దాటకుండా చూసుకోండి, నా సూట్‌కేసులో మా అమ్మ సామాను కూడా ఎక్కాలి. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చెయ్యండి.